పెదస్వామి పెరట్లో సీసాలు

గవరయ్యకి మనసు కుదురు తప్పింది. జపానికి కూచుంటే చూపు పెరటి వైపు పోతోంది. వడ్డించిన అన్నం విస్తట్లోనే చల్లారిపోతోంది. ఎవరైనా పలకరిస్తే "ఆఁ" అంటున్నాడు గాని, వాళ్లేం అడిగారో అతనికి తెలీదు. పెదస్వామి ఆరాధన దగ్గర పడింది కదా, పనుల ఒత్తిడిలే అనుకున్నారు ఆశ్రమంలో మిగతావాళ్లు.

పనుల ఒత్తిడి కాదు. సీసాలు.

భీమిలికి ఉత్తరాన, సముద్రం కనిపించే ఎర్రమట్టి మిట్ట మీద ఉంది ఆ ఆశ్రమం. ఒకప్పుడది దొరల బంగళా. కప్పు కూలిపోయి గోడలు మాత్రం మిగిలిన ఆ పాడుకొంపలోకి, రెండో యుద్ధం అయిపోయిన రోజుల్లో పెదస్వామి వచ్చి, పైన తాటాకు పరుచుకుని ఉండిపోయాడు. ఆయన పోయాక ఆయన శిష్యుడు నీలాద్రిస్వామి గురుస్థానంలో ఉన్నాడు. నీలాద్రిస్వామికి పెద్ద శిష్యుడు గవరయ్య.

గవరయ్య తండ్రిని సారా మింగేసింది. సాయంత్రమైతే గుమ్మంలోకి ముందు ఆ వాసన వచ్చేది, తరవాత తండ్రి వచ్చేవాడు. ఆ తరవాత కేకలు, పగిలే కుండలు, గోడకి అతుక్కుని నిలబడ్డ తల్లి. అలా పెరిగినవాడు గవరయ్య. తండ్రి పోయిన ఏడు, ఎవరో రమ్మంటే ఇక్కడ ఆరాధనకి వచ్చాడు. అప్పటికి పెదస్వామి లేడు. మైకు ముందు ఒక పెద్దమనిషి చెబుతున్నాడు: "పెదస్వామి జన్మలో సారా ముట్టలేదు. ఈ గేటు దాటి చుక్క లోపలికి రానివ్వలేదు."

ఆ ఒక్క మాటే గవరయ్యని అక్కడ కట్టిపడేసింది. అలాంటి చోటు ఒకటి భూమ్మీద ఉందంటే చాలనిపించింది. మరి ఇంటికి వెళ్లలేదు. కొన్నేళ్లకి, ఆరాధన నాడు ఆ మాట చెప్పే పని కూడా అతనికే వచ్చింది. అతను చెబుతుంటే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. గేటు దగ్గర తాగినవాడి వాసన పసిగట్టి వెనక్కి పంపే పని కూడా అతనిదే. దాంట్లో అతన్ని మించినవాడు లేడు.

అలాంటివాడు ఒకరోజు, ఆరాధనకి వచ్చే జనం కోసం మరుగుదొడ్డి గొయ్యి తవ్వుతున్నాడు, పెరట్లో జీడిమామిడి చెట్ల అవతల. నడుం లోతు కాకముందే గడ్డపార ఖణేలుమంది.

మట్టి తీసి చూస్తే సీసా. దాని పక్కన ఇంకోటి. రాళ్లనుకున్నవన్నీ సీసాలే. నల్లటివి, నీలంవి, తెల్లటివి, పొట్టివి, పొడుగువి. దొరికింది దొరికినట్టు పెళ్లగించి గట్టున పడేశాడు. కొన్నిటికి మూతలు బిగించే ఉన్నాయి. ఒకదాని మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అదే వాసన. అందులో ఉన్నదంతా గబగబా మట్టిలో ఒంపేశాడు. తక్కిన మూతలు కూడా తీసి, మొహం పక్కకి తిప్పుకుని, ఒంపేశాడు. తరవాత నూతి దగ్గరికి పోయి, మోచేతుల దాకా పీచుతో తోముకున్నాడు.

నీలాద్రిస్వామి వసారాలో కూచుని తాడు పేనుతున్నాడు. గవరయ్య గోనెసంచి దించి, సీసాలు ఒక్కొక్కటే ఆయన ముందు పెట్టాడు.

"పెరట్లో ఉన్నాయి స్వామీ."

స్వామి ఒక సీసా తీసి ఎండకి అడ్డంగా పట్టుకున్నాడు. నల్లగా ఉందనుకున్నది ముదురు ఆకుపచ్చగా వెలిగింది.

"రంగు బాగుంది," అన్నాడు.

"ఎవరివి స్వామీ ఇవి?"

స్వామి సీసాని ఇంకోవైపు తిప్పి చూస్తున్నాడు.

"దొరలవా? పెదస్వామి రాకముందువా?" గవరయ్య ఇంకాస్త ముందుకి జరిగాడు. "లేకపోతే వచ్చాకవా?"

"నేను చెబితే నమ్ముతావా?"

రాకముందువే అని స్వామి చెబితే, తన గురువు పరువు కాపాడుతున్నాడని గవరయ్య అనుకుంటాడు. వచ్చాకవే అంటే, మూట సర్దుకుని మిట్ట దిగిపోతాడు. ఈ రెండూ అతనికి తెలుసు.

"నమ్మవులే," అన్నాడు స్వామి, కోపం లేకుండా. "పోయి కనుక్కో. ఆ గొయ్యి మాత్రం పూడ్చకు. మరుగుదొడ్డికి అటుపక్క ఇంకోటి తవ్వుదాం."

మళ్లీ తాడు పేనుకోసాగాడు.

పాత సీసాలు చూసి వాటి కాలం చెప్పే మనిషి ఒకావిడ వాల్తేరులో ఉందని భీమిలి డాక్టరుగారు చెప్పారు. కృపావతమ్మ అని, కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైంది. గవరయ్య సీసాలకి గుడ్డపీలికలు చుట్టి, సంచిలో వేసుకుని బస్సెక్కాడు. ఎంత చుట్టినా గతుకు తగిలినప్పుడల్లా గలగలమంటున్నాయి. బస్సులో జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. కండక్టరు సంచి వంక చూశాడు, కావిపంచె వంక చూశాడు.

"ఖాళీవేనా సామీ?" అన్నాడు.

గవరయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు.

కృపావతమ్మ ఇంట్లో కిటికీల నిండా అద్దాల అరలు, అరల నిండా సీసాలు. మధ్యాహ్నపు ఎండ వాటిలోంచి దిగి నేల మీద రంగురంగులుగా పడుతోంది. ఆశ్రమం సంగతీ పెదస్వామి సంగతీ వింటూ, ఆవిడ బల్ల మీద దుప్పటి పరిచి, గవరయ్య తెచ్చినవి ఒక్కొక్కటే తీసి, పిల్లల పళ్లు చూసినట్టు ముందు మూతులు చూసింది, తరవాత బోర్లించి అడుగులు చూసింది.

"ఇది జిన్ను సీసా బాబూ. ఓడల్లో చెక్కపెట్టెల్లో ఖాళీ లేకుండా సర్దుకోవాలని ఇలా నలుచదరంగా చేసేవారు. అడుగున బొడ్డులా మచ్చ ఉంది చూడు. మూతి పని చేసేటప్పుడు అడుగుని ఇనపకడ్డీకి అతికించి పట్టుకునేవారు. పనయ్యాక విరిస్తే మిగిలే మచ్చ అది. గాజులో బుడగలు కనిపిస్తున్నాయా? నోటితో ఊదిన సీసా ఇది."

"ఎప్పటిదమ్మా?"

"నూటయాభై ఏళ్లు దాటే ఉంటుంది."

గవరయ్య భుజాలు కిందికి దిగాయి. వారం రోజుల్లో మొదటిసారి నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ నీలంది విషపు మందుది. చీకట్లో తడిమినా తెలియాలని ఒంటి మీద గరుకు గీతలు పెట్టేవారు. ఇదీ దొరల కాలందే. ఇది గోలీసోడా. వీళ్లు బాగానే తిని తాగి బతికారు పాపం!" ఆవిడ ఉత్సాహంగా నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆవిడ తెల్లటి సీసా ఒకటి చేతిలోకి తీసుకుంది. పక్కన అడుగు నుంచి పైకి గోటితో రాసింది.

"ఇక్కడ సన్నటి గీత తగులుతోందా? అచ్చులో రెండు చెక్కలు కలిసే చోట పడే అతుకు. పాతవాటికి ఈ గీత మెడ దగ్గర ఆగిపోతుంది. మూతి తరవాత చేత్తో పెట్టేవారు కదా, అందుకని. దీనికి చూడు, గీత మూతి అంచు దాకా పాకింది. యంత్రం మొత్తం ఒకేసారి పోసిందన్నమాట. ఇది దొరల నాటిది కాదు."

"మరి?"

"మీ పెదస్వామిగారు వచ్చేనాటికి కొత్తదై ఉండొచ్చు. అంతకు కొంచెం ముందుదైనా అయ్యుండొచ్చు."

"ముందుదని గట్టిగా చెప్పలేరా?"

ఆవిడ కళ్లద్దాలు తీసి అతని వంక చూసింది. సీసాల కోసం వచ్చేవాళ్లెవరూ అలా అడగరు.

"బాబూ, ఎప్పుడు పుట్టిందో గాజు చెబుతుంది. మట్టిలోకి ఎప్పుడు పోయిందో చెప్పదు. మంచి సీసాని ఎవరు పారేస్తారు చెప్పు? కిరసనాయిలుకో ఆముదానికో ఒక తరమంతా ఇంట్లో తిరుగుతుంది. అది చెప్పాల్సింది మట్టి. ఏది పైన దొరికింది, ఏది కింద?"

"చూడలేదమ్మా. అన్నీ కలిపి పెళ్లగించేశాను."

"అయ్యో! కడిగేశావు కూడాను." ఆవిడకి నిజంగానే బాధ కలిగింది. "గొయ్యి పూడ్చారా?"

"లేదమ్మా. మా స్వామి వద్దన్నారు."

"మంచిపని చేశారు. అయితే గొయ్యి పక్క గోడ నిదానంగా చెక్కు. సీసా కనిపిస్తే లాగకు. ఎలా ఉందో అలాగే చూడు."

తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని, గవరయ్య ఆ గీత మీదే గోరు రాస్తూ కూచున్నాడు. మెడ దగ్గర ఆగుతుందేమోనని. ప్రతిసారీ మూతి దాకా పోతోంది.

మిట్టెక్కి వచ్చేసరికి గేటు దగ్గర ఒకడు చతికిలబడి ఉన్నాడు. పల్లెపేట మనిషి, ఎల్లాజీ. ఒకప్పుడు అతని వల పడితే చేప తప్పేది కాదనేవారు. ఇప్పుడు సొంత అన్నే పడవెక్కనివ్వడు. పెళ్లాం కాసులమ్మ పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. ఈ సంగతులన్నీ గవరయ్యకి తెలుసు. వాసన కూడా తెలిసింది, నాలుగు బారల దూరం నుంచే.

"సామీ, నన్నిక్కడ ఉండనీండి," అన్నాడు ఎల్లాజీ లేవబోతూ. "తాగుడు ఒగ్గేద్దారనుకుంతన్నాను. ఇంటికాడుంటే ఒగ్గనేకపోతన్నాను."

"తాగి ఉన్నావు ఎల్లాజీ. తాగని రోజు చూసుకుని రా."

ఎల్లాజీ గేటు చువ్వ పట్టుకుని అతని వంక చూశాడు.

"తాగని రోజంటూ ఉంటే ఇక్కడికెందుకొత్తాను సామీ?"

గవరయ్య సంచిని ఎల్లాజీకి కనబడకుండా చంకకిందికి తిప్పుకుని, లోపలికి వచ్చి గేటు గడియ పెట్టాడు. సరాసరి పెరట్లోకి పోయాడు.

ఆ రోజూ మర్నాడూ గోతి గోడ చెక్కుతూనే ఉన్నాడు. ఆరాధనకి పందిరి వేయడానికి వచ్చినవాళ్లు గుంజలెక్కడ పాతాలని అడిగితే చేత్తో ఎటో చూపించాడు. కొబ్బరికాయలు దించడానికి వచ్చినవాడు అడిగి అడిగి తనకి తోచిన చోట దించేసి పోయాడు. గవరయ్య కొలిమిలో ఉన్నట్టు చెమటలు కక్కుతూ, తాపీ అంచుతో మట్టి గీకుతూనే ఉన్నాడు.

మట్టి చెప్పింది.

అన్నిటికంటే కింద బూడిద, ఎముకలు, ఆలుచిప్పలు. వాటి మధ్య పగిలిన పింగాణీ, అడ్డదిడ్డంగా పడున్న నల్లసీసాల పెంకులు. దొరల చెత్తకుండీ అది. దాని మీద జానెడు మందాన ఉత్త ఎర్రమట్టి, ఏమీ లేకుండా. చాలా కాలం అక్కడెవరూ ఏమీ వెయ్యలేదన్నమాట. దాని పైన మళ్లీ సీసాలు. ఇవి పగల్లేదు, ఒరగలేదు. ఒక్కొక్కటీ నిటారుగా నిలబెట్టి ఉంది. మూతలు బిగించి ఉన్నాయి.

చెత్త పారేసేవాడు సీసాని నిలబెట్టడు. దాచేవాడు నిలబెడతాడు.

గవరయ్య చెయ్యి ఆగలేదు. అన్నిటికంటే పైనున్న సీసా చుట్టూ మట్టి గీకాడు. పలకలాంటి సీసా. మూత రేకుది, మర తిప్పి బిగించేది. దాని కాలం చెప్పడానికి కృపావతమ్మ అక్కర్లేదు. చిన్నప్పుడు అతని ఇంటి చూరులో దోపి ఉండేవి అవే సీసాలు. అదే మూత. ఆ మూత తిప్పిన చప్పుడు వింటే తల్లి పొయ్యి దగ్గర్నుంచి లేచి నిలబడేది.

అతను పుట్టేనాటికే పెదస్వామి ఈ మిట్ట మీద ఉన్నాడు.

గవరయ్య గోతిలోనే కూలబడ్డాడు. ఇన్నేళ్లూ మైకు ముందు నిలబడి తను చెప్పిన మాట, ఆడవాళ్లు తుడుచుకున్న కళ్లు, గేటు దగ్గర్నుంచి తను వెనక్కి పంపిన మనుషులు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది.

ఆరాధనకి ముందురోజు పొద్దున్న, గవరయ్య మూట సర్దుకున్నాడు. మూట గుమ్మంలో పెట్టి, రేకుమూత సీసా పట్టుకుని గురువు దగ్గరికి పోయాడు.

"కనుక్కున్నాను స్వామీ," అన్నాడు. "కిందవి దొరలవి. పైవి దొరలవి కావు. ఇది నా చిన్నప్పటి సీసా. పెదస్వామి ఇక్కడుండగానే మట్టిలోకి పోయింది. ఎవరో పారేసింది కాదు, జాగ్రత్తగా నిలబెట్టి దాచింది. రేపు నేను మాట్లాడలేను. అబద్ధం నా నోట రాదు."

నీలాద్రిస్వామి సీసా అందుకుని, కిందా పైనా చూసి, పక్కన పెట్టాడు.

"బాగా చూశావు," అన్నాడు. అది ఎగతాళి కాదు.

"మీకు ముందే తెలుసు కదా స్వామీ?"

స్వామి గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్లు సవరించుకుని, "పార పట్టుకురా," అని గేటు వైపు నడిచాడు.

ఎల్లాజీ గేటు బయట గోడ నీడలో ఉన్నాడు. రెండు రోజుల నుంచీ అక్కడే ఉన్నాడో, పోయి వచ్చాడో గాని, కళ్లు గుంటలు పడ్డాయి. చేతులు ఊరికే అదురుతున్నాయి. స్వామి గేటు తీశాడు.

"ఎల్లాజీ, లే."

"తాగున్నాను సామీ," అన్నాడు ఎల్లాజీ గవరయ్య వంక బెదురుగా చూస్తూ.

"తెలుసు. మొలలో ఉందా ఇంకా?"

ఎల్లాజీ చెయ్యి లుంగీ ముడి మీదికి పోయింది. "సగం ఉంది."

"ఉండనీ. నీ దగ్గరే ఉంచుకో. రా."

స్వామి ముందు, ఎల్లాజీ వెనక, పార పట్టుకుని గవరయ్య ఆ వెనక. సారా లోపలికి వస్తోంది. గవరయ్య చూస్తుండగానే, తను ఇన్నేళ్లు కాపలా కాసిన గేటు దాటి వస్తోంది. ఆపుదామని అడుగు వేసి, ఎవరిని ఆపాలో తెలియక ఆగిపోయాడు.

గోతి గట్టున స్వామి కూచున్నాడు. ఎల్లాజీని పక్కన కూచోమన్నాడు. "నీకు నువ్వే దాన్ని ఇందులో పాతెయ్యాలి," అన్నాడు. అంతే.

ఎండెక్కింది. ఎల్లాజీ సీసా మొలలోంచి తీశాడు. చూసుకున్నాడు. మళ్లీ దోపుకున్నాడు. లేచి గేటు వైపు పోయాడు, సగం దూరం నుంచి వెనక్కి వచ్చాడు. "పొద్దున్నే ఒక్క గుక్కేసుకోకపోతే చేతులు నిలబడవు సామీ. తరవాత పాతేత్తాను," అన్నాడు. "నీకేటి తెలుసు ముసిలోడా! ఎప్పుడైనా తాగేవా?" అని అరిచాడు. స్వామి సముద్రం వైపు చూస్తూ కూచున్నాడు. ఎల్లాజీ పెళ్లాన్ని తిట్టాడు, అన్నని తిట్టాడు, తర్వాత గట్టు మీద బోర్లా పడి గడ్డి పీకుతూ ఏడ్చాడు. గవరయ్యకి కాళ్లు పీకుతున్నాయి. కూచోవాలని తోచలేదు.

చివరికి ఎల్లాజీ మూతీ ముక్కూ తుడుచుకుని, గోతిలోకి దిగాడు. సీసా కింద పడుకోబెట్టబోయాడు.

"నిలబెట్టు," అన్నాడు స్వామి. "మూత బిగించు. ఒలికిందంటే ఆ వాసనకి మళ్లీ వస్తావు."

ఎల్లాజీ మూత బిగించాడు. వణికే వేళ్లకి పట్టు దొరక్క, పళ్లతో కరిచి తిప్పాడు. గోతి అడుగున సీసాని నిలబెట్టి, పడిపోకుండా చుట్టూ మట్టి ఎగదోశాడు.

గవరయ్య చేతిలోంచి పార జారిపోయింది.

"నాలాటోల్లు ఇంకా ఎంతమంది పెట్టేరు సామీ ఇక్కడ?" ఎల్లాజీ గోతిలోంచే అడిగాడు. గవరయ్య చెక్కిన పక్కగోడలో, మట్టిలో నిలబడి ఉన్న సీసాలు అతనికి కనబడుతున్నాయి.

"లెక్కెవరు పెట్టారు! కొందరు మళ్లీ వచ్చి తవ్వుకునేవారు కూడాను."

"అప్పుడేటన్నాడు పెదసామి?"

"ఇంకోసారి పాతించేవాడు."

"స్వామీ, నేను..." అన్నాడు గవరయ్య. అతని మాట ఎటు పోబోతోందో స్వామికి తెలుసు గాని, ఆగి వినలేదు.

"అతనికి చలి పుడుతోంది చూడు," అన్నాడు.

నిజమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఎల్లాజీ పళ్లు కొట్టుకుంటున్నాయి. గవరయ్య గోతిలోకి దిగాడు. చంకల కింద చేతులు వేసి అతన్ని పైకి లేపాడు. ఆ వాసన మొహాన కొట్టింది. తండ్రి బతికుండగా ఒక్కసారి కూడా అంత దగ్గరికి పోలేదతను. ఎప్పుడూ దూరంగా, తలుపు వెనక నిలబడేవాడు. ఇప్పుడు మొహం తిప్పుకోలేదు. ఎల్లాజీ తల అతని భుజం మీద వాలిపోయింది.

"ఎక్కడ పడుకోబెట్టను స్వామీ?"

"నీ గది ఖాళీయే కదా," అన్నాడు నీలాద్రిస్వామి. "మూట సర్దేశావుగా."

సాయంత్రానికి ఎల్లాజీకి వాంతులు పట్టుకున్నాయి. లేనివాళ్లతో మాట్లాడుతున్నాడు. గోడ మీద ఎండ్రకాయలు పాకుతున్నాయని లేచి పరిగెత్తబోయాడు. భీమిలి నుంచి డాక్టరుగారు వచ్చి సూది వేసి, "ఈ రెండు మూడు రోజులే గండం. మనిషిని ఒంటరిగా వదలొద్దు, నీళ్లు పడుతూ ఉండండి. మళ్లీ వచ్చి చూస్తాను," అని చెప్పి వెళ్లారు. గవరయ్య వదల్లేదు.

మర్నాడు ఆరాధన. మిట్ట నిండా జనం. కొత్త కొబ్బరాకుల పందిట్లో చాపలు చాలక మట్టిలోనే కూచున్నారు. పూజలయ్యాయి, భజనలయ్యాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో సర్దుకుని మైకు వైపు తిరిగారు. ఇక పెదస్వామి సంగతులు చెబుతారని అందరికీ తెలుసు.

మైకు దగ్గరికి ఎవరూ రాలేదు.

ఆశ్రమం వెనక వైపున్న గదిలో, చాప మీద ఎల్లాజీ మూలుగుతున్నాడు. గవరయ్య అతని తల ఒళ్లో పెట్టుకుని, చెమ్చాతో కొబ్బరినీళ్లు పడుతున్నాడు. సగం లోపలికి పోతున్నాయి, సగం కావిపంచె మీద పడుతున్నాయి. "కాసులమ్మా, పడవేదే?" అంటున్నాడు ఎల్లాజీ కళ్లు తెరవకుండా.

"ఒడ్డుకొచ్చేసింది. తాగు," అంటున్నాడు గవరయ్య. "ఇంకొంచెం. ఇంకొక్క గుక్క."

పందిట్లో జనం గుసగుసలు మొదలుపెట్టారు. ముందు వరసలో ఉన్న పెద్దాయన, ఏటా విశాఖపట్నం నుంచి వచ్చే ఆయన, ఉండబట్టలేక నీలాద్రిస్వామి దగ్గరికి వచ్చి వంగి అడిగాడు.

"గవరయ్యగారేరి స్వామీ? జనం కనిపెట్టుకుని కూచున్నారు. పెదస్వామివారి గురించి చెప్పాలి కదా?"

"చెబుతున్నాడు," అన్నాడు నీలాద్రిస్వామి.